కెమెరా ఎవరి వెంట నడవాలి?
2009 వేసవిలో అమెరికాలో ఎన్‌బీసీ ప్రసారం చేసిన ‘ది ఫిలాంత్రపిస్ట్’ సీరియల్ ఒక్క సీజన్‌తోనే ఆగిపోయింది. జేమ్స్ ప్యూర్‌ఫాయ్ అందులో టెడ్డీ రిస్ట్ అనే బిలియనీర్. కొడుకును పోగొట్టుకున్న ఆ మనిషి నైజీరియా వరదల్లో ఒక పిల్లాడిని కాపాడతాడు, తర్వాత ఆ ఊరికి కలరా వ్యాక్సిన్ చేర్చడానికి తానే బయల్దేరతాడు. చెక్కు రాసిచ్చి చేతులు దులుపుకోకుండా స్వయంగా వెళ్లడం మంచి సంగతే, దాన్ని నేను తక్కువ చేయను. నా పేచీ అల్లా కెమెరా ఆయన్ని వదలకపోవడంతోనే. కలరా వ్యాక్సిన్‌ను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. కరెంటు సరిగా లేని ఊళ్లో ఐస్ ప్యాకులు సర్దిన పెట్టెను భుజాన వేసుకుని, అవి కరిగేలోపు ఇల్లిల్లూ తిరగాలి. ఆ పని చేసేది స్థానిక ఆరోగ్య కార్యకర్తలు. అదే నైజీరియాలో, కానో నగరంలో, 2013లో పోలియో చుక్కలు వేసే మహిళలను కాల్చి చంపారు. అయినా మిగతావాళ్లు చుక్కల మందు పట్టుకుని గడపగడపకూ వెళ్లారు, చుక్కలు పడ్డ పిల్లల వేలికి సిరా గుర్తు పెట్టారు. 2020 ఆగస్టులో ఆఫ్రికా ప్రాంతంలో సహజ పోలియో వైరస్ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిందంటే అది ఎక్కువగా వాళ్ల కష్టమే. దాతల డబ్బూ అందులో ఉంది, కాదనను. కానీ కథానాయిక కావలసింది ఆ పెట్టె మోసిన మనిషి. ఇలాంటి సీరియల్ మళ్లీ ఎవరైనా తీస్తే, మొదటి ఎపిసోడ్ ఆమె ఇంటి నుంచే మొదలుపెట్టాలి.