పరీక్ష ఆజ్ఞ, భత్యం సలహా

అఖిల భారత బార్ పరీక్షను సమర్థించేవాళ్లు మనలోనూ వున్నారు. వాళ్ల వాదం ఇది: లా కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి, క్లాసు మొహం చూడనివాళ్లకు పట్టాలు వస్తున్నాయి, చట్టం తెలియని వకీలు చేతిలో పడి నష్టపోయేది పేద కక్షిదారే, కనుక వడపోత తప్పదు. వినడానికి ప్రజాపక్షం మాటలాగే వుంది. అందుకే దీన్ని విప్పి చూడాలి.

ఆ కాలేజీలకు గుర్తింపు ఇచ్చిందెవరు? భారత బార్ కౌన్సిలే. తనిఖీ చేయవలసిందీ అదే. చేయవలసిన తనిఖీ చేయక, ఆ లోపానికి శిక్ష విద్యార్థికి వేసి, శిక్ష ఖర్చు కూడా అతని దగ్గరే వసూలు చేయటం ఏ న్యాయశాస్త్రం? 2024 డిసెంబరులో జరిగిన పరీక్షకు రుసుము 3,500 రూపాయలు. దళిత, గిరిజన అభ్యర్థులకు 2,500. చట్టప్రకారం పట్టీలో పేరు నమోదుకు తీసుకోవలసింది 750 రూపాయలే. రాష్ట్రాల కౌన్సిళ్లు దాన్ని వేలకు పెంచాయి. ఒడిశాలో అది నలభై వేలు దాటింది. 2024 జూలై 30న సుప్రీంకోర్టు ఇది చెల్లదన్నది. అంతకుముందు కట్టినవాళ్ల డబ్బు మాత్రం వెనక్కి రాలేదు. న్యాయాన్ని రక్షించేవాళ్ల సంస్థలే చట్టాన్ని మించి వసూలు చేస్తే, దాన్ని ఆపటానికి ఇన్నేళ్లు పట్టింది!

ఇక పరీక్ష సంగతి. 2010లో నిబంధన పెట్టారు, 2011 మార్చిలో మొదటిసారి జరిపారు, 2023 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని సమర్థించింది. కౌన్సిలుకు అధికారం వుందా లేదా అనేది తేలిపోయింది. ఆ పరీక్ష దేన్ని కొలుస్తోంది అనేది తేలలేదు. వంద ప్రశ్నలు, మూడున్నర గంటలు, నాలుగు జవాబుల్లో ఒకదాన్ని ఎంచాలి. వ్యాఖ్యానాలు లేని చట్టాల పుస్తకాలు వెంట పట్టుకుపోవచ్చు. 2024 జూలై 1న కొత్త నేరచట్టాలు అమలులోకి రాగానే, లెనిన్ సెంటరు పాత పుస్తకాల కొట్లలో సగం ధరకు దొరికే శిక్షాస్మృతితో పని జరగకుండాపోయింది. మళ్లీ కొత్తవి కొనాలి. అభ్యర్థి తెలుగులో గాని, ఇంగ్లీషులో గాని ఒక్క వాక్యం రాయనక్కరలేదు. సాక్షిని ఒక్క ప్రశ్న అడగనక్కరలేదు. వాది చెప్పిన గోడు విని దావా రాయగలడా అన్నది అసలు ప్రసక్తే కాదు.

వంద మార్కుల పంపకం చూడండి. భూసేకరణకు రెండు. కార్మిక చట్టాలకు నాలుగు. బెజవాడ గట్టు మీద నుంచి అవతలికి చూస్తే, 2015లో రాజధాని కోసం సమీకరించిన ముప్పైమూడు వేల ఎకరాల పైచిలుకు నేల ఆ దిక్కునే వుంది. ఆ భూముల తగాదాలో హైకోర్టు తీర్పు 2022 మార్చిలో వచ్చింది. ఇక్కడి వకీలుకు భూసేకరణ రెండు మార్కుల విషయమా? డెల్టాలో సాగులో ఎక్కువ భాగం చేసేది కౌలుదార్లు. వాళ్ల కోసం 1956లో వచ్చిన ఆంధ్ర కౌల్దారీ చట్టానికి పాఠ్యప్రణాళికలో చోటే లేదు. యజమాని సంతకం లేనిదే సాగుదారు కార్డు దక్కనివ్వని 2019 చట్టానికీ లేదు. అఖిల భారత పరీక్షలో రాష్ట్ర చట్టాలు ఎలా పెడతారంటారు. నిజమే. అయితే ఆ పరీక్ష పాసయినవాడు అవనిగడ్డ కోర్టులో కౌలుదారుకు పనికొస్తాడని మాత్రం చెప్పకండి.

ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపిన తల్లి కొడుకు టంగుటూరి ప్రకాశం రెండో తరగతి ప్లీడరయ్యాడు. పై కోర్టుల తలుపులు అతనికి తెరుచుకోలేదు. 1904లో లండను వెళ్లి, 1907లో బారిస్టరై వచ్చాకగాని మద్రాసు హైకోర్టులో నిలబడలేకపోయాడు. వాదించే హక్కుకు ధర కట్టిన ఆ అంతస్తులను 1961 న్యాయవాదుల చట్టం కాగితం మీద తుడిచేసింది, వకీళ్లందరూ ఒక్క తరగతే అన్నది. జేబు మాత్రం ఆ చట్టాన్ని గుర్తించలేదు.

ఎందుకంటే అసలు వడపోత పరీక్ష తర్వాత మొదలవుతుంది. గవర్నరుపేటలో సీనియరు ఆఫీసుకు పోయి, ఫైళ్లు మోసి, వాయిదాలు రాసుకుని, బస్సుచార్జీ సొంతంగా పెట్టుకుంటూ మూడు నాలుగేళ్లు నెట్టుకురావాలి. తండ్రి వకీలయితే నెట్టుకొస్తాడు. కూలిపని చేసే తండ్రి కొడుకు, అంతకంటే ముందు కూతురు, ఇక్కడే రాలిపోతారు. జూనియర్లకు పట్టణాల్లో 20,000, గ్రామాల్లో 15,000 భత్యం ఇవ్వమని 2024 అక్టోబరులో ఇదే కౌన్సిలు చెప్పింది. చెప్పింది అంతే, సిఫారసు. పరీక్షేమో ఆజ్ఞ, తప్పితే ప్రాక్టీసు లేదు. రాష్ట్ర ప్రభుత్వం 2019లో నెలకు 5,000 ఇచ్చే పథకం పెట్టినప్పుడు అది ఎన్నికల తాయిలమని ఎగతాళి చేసిన సీనియర్లున్నారు. తమ జూనియరుకు తామెంత ఇస్తున్నారో వాళ్లు ఎన్నడూ చెప్పలేదు.

పరీక్షే వద్దనటం లేదు. చదువు తూచటాన్ని వ్యతిరేకించటం మన పని కాదు. రుసుము తీసేసి, జూనియరు భత్యాన్ని తప్పనిసరి చేసి, ప్రశ్నపత్రం ఈ రకంగా పెట్టండి: ఘంటసాల మండలంలో నోటిమాట మీద కౌలు చేస్తున్న రైతును పంట చేతికొచ్చే వేళ యజమాని పొలంలోకి రానివ్వటం లేదు. కాగితం లేదు. ఇరుగుపొరుగు సాక్షులున్నారు. ఏ చట్టం కింద, ఎవరి ముందుకు, ఏం కోరుతూ వెళతారు? అర్జీ తెలుగులో రాయండి. సమయం మూడున్నర గంటలు.