నలుపు నేరమని తీర్పిచ్చిందెవరు?

హైదరాబాద్ శివారు మీర్‌పేట్‌లో ఒక ఫంక్షన్ హాలు గేటు ముందు ఈమధ్య ఒక ముసలమ్మ ఫ్లెక్సీ బోర్డు వంక చూస్తూ చాలాసేపు నిలబడిపోయింది. మనవరాలి హాఫ్ శారీ ఫంక్షన్ కోసం నల్లగొండ పల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మనిషి. "ఇండ్ల మన పిల్ల ఏదే?" అని కూతుర్ని అడిగింది. "నడుమ ఉన్నది గదే అమ్మా" అన్నది కూతురు. ముసలమ్మ కళ్లద్దాలు కొంగుతో తుడుచుకొని మళ్లీ చూసింది. "గా పిల్ల మన పిల్ల గాదు" అన్నది. పట్టు లంగావోణీలో వెనకే నిలబడ్డ పన్నెండేళ్ల మనవరాలు ఆ మాట విన్నది. తల దించుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ బోర్డు ఎలా తయారవుతుందో చూద్దామని అదే వీధిలోని ఫ్లెక్సీ దుకాణానికి వెళ్లాం. కంప్యూటర్ ముందున్న కుర్రాడు వేరే అమ్మాయి ఫొటో తెరిచి ఉన్నాడు. ముందు బుగ్గలు తెల్లబడ్డాయి, తర్వాత మెడ, తర్వాత మోచేతులు. నుదుటి మీద గుండ్రంగా చుట్టుకున్న ఉంగరాల వెంట్రుకలను మౌస్‌తో చెరిపేశాడు. ఇంకో ఫొటోలోంచి నున్నటి, నిలువుటి జుట్టు తెచ్చి భుజాల మీదికి దించాడు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఎందుకిలా అంటే, "నల్లగ పెడితే తీస్కపోరు సార్. ఆడోళ్లు మొగోళ్లు అందరు అడిగేది ఒకటే, జర తెల్లగ చెయ్యమని" అన్నాడు.

ఆ కుర్రాణ్ని తప్పుపట్టడం తేలిక. ఆ బోర్డు వేయించిన తల్లిని తప్పుపట్టడం ఇంకా తేలిక. కానీ ఆ తల్లి కూడా నల్లనిదే. పిల్ల నల్లగా ఉందని కట్నం పెంచి అడిగిన సంబంధాలను చూసి పెరిగిన తరం ఆమెది. తను పడ్డ మాట కూతురు పడకూడదనే ఆరాటం తప్ప ఆ పనిలో మరో ఉద్దేశం లేదు. తన కడుపున పుట్టిన రంగును తానే చెరిపేయాలన్న భయం ఆమెలో ఎవరు పెట్టారు? మా సమాధానం సూటిగా చెబుతున్నాం. సినిమా పెట్టింది, టీవీ పెట్టింది, ప్రకటనలు పెట్టాయి, పత్రికలుగా మేమూ పెట్టాం. ఈ కేసులో ముద్దాయిలం మేమే.

మన పాత లోకం నిర్దోషి అని మేము అనడం లేదు. ఎండలో నాటువేసిన ఒంటిరంగును తక్కువ చేసి, నీడపట్టున కూర్చున్న రంగును ఎక్కువ చేసిన కులవ్యవస్థ మనది. తెల్లగా ఉన్న పిల్లను 'ఎర్రగా బుర్రగా ఉంది' అని మురిసిపోవడం, గర్భిణికి కుంకుమపువ్వు పాలు తాగించడం టీవీలు రాకముందు నుంచీ ఉన్నవే. అయినా ఆ లోకంలో నలుపుకు కూడా ఒక పీట వేసి ఉండేది. కొలిచే దేవుడు నీలమేఘశ్యాముడు. పాండవుల ఇల్లాలికి కృష్ణ అనే పేరే ఉంది. చామనఛాయ అన్న మాటలో చిన్నచూపు లేదు. 'ముఖంలో కళ ఉంది' అనే మెచ్చుకోలు రంగుతో పనిలేకుండా చెల్లేది. ఉంగరాల జుట్టును పెద్దవాళ్లు ముచ్చటగా చెప్పుకునేవారు. ఆ పీటను లాగేసింది మాత్రం మన కాలపు ప్రచార సాధనాలే.

సినిమాతో మొదలుపెడదాం. ప్రపంచంలోనే అతిపెద్ద సినీ నిర్మాణ కేంద్రంగా గిన్నిస్ పుస్తకానికెక్కిన రామోజీ ఫిలింసిటీ మీర్‌పేట్ ఉన్న రంగారెడ్డి జిల్లాలోనే, అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో ఉంది. 1996 నుంచి అక్కడ ఎన్నో సినిమాలు తయారయ్యాయి. అయినా తెలుగు తెర మీద కథానాయిక ఊరు తెలుగు ఊరే, భాష తెలుగు భాషే, రంగు మాత్రం ఆ ఊరిది కాదు. పరాయి రాష్ట్రం నుంచి వచ్చిన ముఖానికి మన అమ్మాయి గొంతు అరువిస్తుంది. గొంతు పనికొచ్చిన అమ్మాయి ముఖం మాత్రం పనికిరాదు.

కథే నల్లపిల్లను కోరినప్పుడు ఏం జరిగిందో చూడండి. 2021లో 'పుష్ప'లో శ్రీవల్లి శేషాచలం అడవి అంచు పల్లె పిల్ల. 2023లో 'దసరా'లో వెన్నెల సింగరేణి బొగ్గుగనుల పక్క పల్లె పిల్ల. రెండు చోట్లా తెల్లని నటికే నలుపు పూశారు. నటీమణుల ప్రతిభను మేము శంకించడం లేదు. కానీ పేదరికం చూపించడానికి నలుపు కావాలి, కథానాయికగా నిలబెట్టడానికి నల్లని మనిషి వద్దు అంటే అర్థమేమిటి? పూసిన రంగు షూటింగ్ అయ్యాక కడిగితే పోతుంది. గోదావరిఖనిలో పుట్టిన అమ్మాయి రంగు కడిగితే పోదు, పోనవసరమూ లేదు. రంగు వివక్ష మీదే తీసిన 'కలర్ ఫొటో' 2020లో వచ్చింది, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు అందుకుంది. మంచి ప్రయత్నమే. అందులో కూడా నల్లనివాడు అబ్బాయి, తెల్లనిది అమ్మాయి. నల్లని అమ్మాయిని ప్రేమించే కథ రాయడానికి మన తెర ఇంకా వెనకాడుతూనే ఉంది.

ఇక ప్రకటనలు. 1975లో 'ఫెయిర్ అండ్ లవ్లీ' మన మార్కెట్‌లోకి వచ్చింది. ఆ బాటలో నడిచిన క్రీములన్నీ మన ఆడపిల్లలకు ఒకే కథ చెప్పాయి. నల్లగా ఉన్నప్పుడు ఉద్యోగం లేదు, పెళ్లికొడుకు లేడు, తండ్రి ముఖంలో నవ్వు లేదు. ట్యూబు అయిపోయేసరికి అన్నీ వచ్చేశాయి. 2014లో ప్రకటనల స్వీయ నియంత్రణ మండలి, చర్మం రంగును బట్టి మనిషిని తక్కువ చేసి చూపొద్దని నియమం పెట్టింది. కంపెనీలు 'తెల్లదనం' మాట తీసేసి 'కాంతి' అన్నాయి. 2020లో అమెరికాలో పోలీసు చేతిలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ హత్య మీద లోకం భగ్గుమన్నాక ఆ క్రీము 'గ్లో అండ్ లవ్లీ' అయింది. పేరు మారింది, ట్యూబు మీద అమ్మాయి ముఖం మెరుస్తూనే ఉంది. తెల్లబరుస్తామని చెప్పే ప్రకటనలకు జైలుశిక్ష, మళ్లీ చేస్తే 50 లక్షల రూపాయల దాకా జరిమానా వేయాలని 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టానికి కేంద్రం 2020 ఫిబ్రవరిలో సవరణ ముసాయిదా తెచ్చింది. అది ముసాయిదాగానే మిగిలింది.

దీని ఖరీదు చర్మం మీద కనిపిస్తోంది. డాక్టరు చీటీ లేకుండా మందుల దుకాణంలో కొనుక్కునే స్టెరాయిడ్ క్రీములను తెల్లబడటానికి ముఖానికి రాసుకునే అలవాటు ఊరూరా పాకింది. మొదటి వారాల్లో ముఖం నిగనిగలాడుతుంది. తర్వాత చర్మం పలచబడుతుంది, ఎండ తగిలితే మండుతుంది, మొటిమలు పొక్కుతాయి, కొందరికి గడ్డం మీద వెంట్రుకలు మొలుస్తాయి. మానేస్తే ఇంకా మండుతుంది కాబట్టి మానలేరు. చర్మవైద్యులు ఏళ్ల తరబడి మొత్తుకుంటే 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను చీటీ ఉంటేనే అమ్మాలని ఆదేశించింది. ఆదేశం వచ్చింది కానీ, క్రీము అడిగే అమ్మాయి మనసులో ఉన్న అద్దాన్ని ఏ ఆదేశమూ మార్చలేదు.

జుట్టు సంగతి ఇంకా లోతైనది. అది మనల్ని సముద్రాల అవతలి ఆడవాళ్లతో ముడివేస్తుంది. తిరుమల కల్యాణకట్టలో భక్తులు మొక్కుగా సమర్పించే తలనీలాలను దేవస్థానం ఈ-వేలంలో అమ్ముతుంది. ఏటా వంద కోట్ల రూపాయలకు పైగా ఆదాయం. మన వీధుల్లో "ఎంటికలకు స్టీలు గిన్నెలు" అని కేకేస్తూ తిరిగేవాళ్లు చిక్కు వెంట్రుకలను కూడా వదలరు. ఆ జుట్టు శుభ్రమై, కట్టలై, విగ్గులుగా, సవరాలుగా విదేశాలకు పోతుంది. దాన్ని కొనే వారిలో అమెరికాలోని, ఆఫ్రికా దేశాల్లోని నల్లజాతి స్త్రీలు చాలామంది ఉన్నారు. 2009లో అమెరికా హాస్యనటుడు క్రిస్ రాక్ 'గుడ్ హెయిర్' అనే డాక్యుమెంటరీలో ఈ దారిని పట్టుకుని మన దేశం దాకా వచ్చాడు. సవరం పెట్టుకోవడం తప్పు కాదు, మన అమ్మమ్మలూ పెట్టుకున్నారు. కానీ పుట్టుకతో వచ్చిన జుట్టుతో ఆఫీసుకు వెళ్తే ఉద్యోగం పోతుందనే భయంతో పెట్టుకోవాల్సి రావడం అన్యాయం.

ఆ భయం ఊహ కాదు. 2016లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా బాలికల హైస్కూల్లో నల్లజాతి విద్యార్థినులు తమ సహజమైన జుట్టును చక్కబెట్టుకు రమ్మన్నందుకు తిరగబడ్డారు. 2020లో అదే దేశంలో ఒక దుకాణాల గొలుసు ప్రకటన నల్లవారి జుట్టు ఫొటో కింద 'పొడిబారిన, పాడైన' అనీ, తెల్లవారి జుట్టు కింద 'మామూలు' అనీ రాసింది. జనం వీధుల్లోకి వచ్చారు. 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం జుట్టు తీరును బట్టి ఉద్యోగంలో, బడిలో వివక్ష చూపకూడదని చట్టం చేసింది. జుట్టును నిలువుగా చేసే రసాయనాలను తరచుగా వాడే స్త్రీలలో గర్భాశయ క్యాన్సర్ ఎక్కువగా కనిపించిందని 2022లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల అధ్యయనం తేల్చింది. ఆ రసాయనాలను ఎక్కువగా వాడుతున్నది నల్లజాతి స్త్రీలే. అలా స్ట్రెయిటెనింగ్, స్మూతెనింగ్ చేయించుకోవడం మీర్‌పేట్ బ్యూటీపార్లర్ ధరల పట్టికలోనూ ఉంది. కాలేజీ అమ్మాయిలు నెలనెలా దాచిన డబ్బుతో తమ ఉంగరాల జుట్టును కాల్పించుకుంటున్నారు. తిరుమలలో జుట్టు ఇచ్చిన ఆడమనిషికీ, అట్లాంటాలో దాన్ని కొన్న ఆడమనిషికీ, ఇక్కడ తన జుట్టును ద్వేషించుకునే ఆడపిల్లకూ నీ తల నీది కాదని చెప్పిన గొంతు ఒక్కటే.

ఆ నల్లజాతి స్త్రీ మనకు పరాయిది అనుకుంటే హైదరాబాద్ చరిత్రను మరిచినట్టే. మాసబ్‌ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్ పేటకు ఆ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ కేవల్రీ గార్డ్స్ వల్ల వచ్చింది. వారి సంతతి సిద్దీలు తరతరాలుగా ఇక్కడే ఉన్నారు, ఇక్కడి మాటే మాట్లాడతారు. వారి మర్ఫా వాద్యం లేకుండా పాతబస్తీ పెళ్లి ఊరేగింపు కదలదు. ఆ డప్పుకు చిందేస్తాం కానీ, ఆ ఇంటి ఆడపిల్ల దగ్గరి చుట్ల జుట్టుతో ఒక తెలుగు సీరియల్‌లో, ఒక నగల ప్రకటనలో, ఒక వార్తా చానల్ డెస్కు వెనక కనిపించిందా? హైదరాబాద్ వీధుల్లో పుట్టి పెరిగిన ఆ అమ్మాయికి ఆ నగరపు తెరల్లో చోటు లేదు.

ఇలా తక్కువ చేసి చూపితే పిల్లల మనసు ఏమవుతుందో ఎప్పుడో తేలింది. 1940లలో మనస్తత్వవేత్తలు కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతులు అమెరికాలో నల్లపిల్లల ముందు తెల్లబొమ్మను, నల్లబొమ్మను పెట్టి ఏది మంచిదని అడిగారు. ఎక్కువమంది పిల్లలు తెల్లబొమ్మను చూపించారు. బడుల్లో జాతి వేర్పాటును కొట్టేసిన 1954 తీర్పులో అక్కడి సుప్రీంకోర్టు క్లార్క్ పరిశోధనను ఉదహరించింది. పిల్లల మనసులో నాటిన తక్కువతనాన్ని ఒక న్యాయస్థానం గాయంగా గుర్తించిందన్నమాట. మన పిల్లల గాయాన్ని ఎవరు నమోదు చేస్తున్నారు?

'జనం అడుగుతున్నారు, మేం ఇస్తున్నాం' అని పరిశ్రమ అంటుంది. ఇది నిలిచే వాదన కాదు. వాణిశ్రీ చామనఛాయతోనే కళాభినేత్రి అనిపించుకుంది. ఆమె కొప్పునూ చీరకట్టునూ తెలుగు నేలంతా అనుకరించింది. 2017లో 'ఫిదా'లో సాయిపల్లవి మేకప్ పొరలు లేని ముఖంతో బాన్సువాడ పిల్లగా కనిపిస్తే జనం గుండెల్లో పెట్టుకున్నారు. ఆమె తర్వాత తెల్లబరిచే క్రీము ప్రకటనను కాదన్నప్పుడు ఒక్క అభిమానీ దూరం కాలేదు. జనం చూపు చెడ్డది కాదు. జనానికి చూపించేదే ఒక్కటి.

మా పత్రికల సంగతి చివర చెబుతున్నాం కానీ తప్పు మాత్రం అందరికంటే పెద్దది. ఈ పేజీలో సమానత్వం రాసి, ఆదివారం వధూవరుల కాలమ్‌లో 'తెల్లని అమ్మాయి కావలెను' అని అచ్చువేసి డబ్బు తీసుకున్నది పత్రికలే. షాదీ డాట్ కామ్ 2020లో ఒక పిటిషన్‌కు తలొగ్గి రంగును బట్టి సంబంధాలు వెతికే సౌకర్యాన్ని తీసేసింది. అచ్చు పత్రికలకు ఆ పాటి సిగ్గు ఎందుకు లేదు?

అందుకే అడుగుతున్నాం. పెళ్లి ప్రకటనల్లో ఒంటిరంగు మాటను ప్రతి తెలుగు పత్రికా నిరాకరించాలి. ఇందుకు చట్టం అక్కర్లేదు, ఒక సాయంత్రం తీసుకునే నిర్ణయం చాలు. రంగును బట్టి ఎవరినీ కించపరచరాదని 1994 నాటి కేబుల్ టీవీ నియమావళిలో ఇప్పటికే రాసి ఉంది, దాన్ని అమలు చేయాలి. 2020 ముసాయిదాను కేంద్రం చట్టంగా తేవాలి. నల్లని పాత్రకు నల్లని నటినే తీసుకుంటామని నిర్మాతలు ముందుకు రావాలి. నల్లని పాత్రకే కాదు, కలెక్టరుగా, డాక్టరుగా, ప్రేమకథ నాయికగా కూడా తీసుకోవాలి.

మీర్‌పేట్ తల్లిదండ్రులకు ఒక్క మాట. ఆ ఫ్లెక్సీ కుర్రాడి కంప్యూటర్‌లో మీ అమ్మాయి అసలు ఫొటో ఇంకా అలాగే ఉంది. నుదుటి మీద ఉంగరాల వెంట్రుకలు ఉన్నాయి. మీ ఒంటిరంగు, మీ అమ్మ ఒంటిరంగు ఉంది. రేపటి వేడుకకు దాన్నే వేయమని చెప్పండి. దూరం నుంచి బస్సెక్కి వచ్చే అమ్మమ్మ, బోర్డు ముందు ఆగి తన మనవరాలిని గుర్తుపట్టాలి.