తలుపు ఊడబెరకడం మరమ్మతు కాదు



"అప్‌డేట్ చేశాను, సాంబ పడిపోయింది" అన్న మొర లినక్సు వాడే మనవారి నోట తరచుగా వినబడుతూనే ఉంటుంది. మొరపెట్టేవారి మీద నాకు కోపం లేదు. వెనువెంటనే వచ్చిపడే ఉపదేశాల మీదనే నా అభ్యంతరమంతా. ఫైర్‌వాల్ ఆపివేయండి. ఫోల్డరుకు 777 హక్కులిచ్చి అతిథులను సైతం వ్రాయనివ్వండి. అమరికల దస్త్రంలో కనీస ప్రొటోకాలు ఎన్‌టీ1 అని చేర్చండి. వీటిలో ఏదో ఒకటి పనిచేస్తుంది. రోగి లేచి కూర్చుంటాడు. రోగమేమిటో మాత్రం రోగికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు.

ఈ సాంబుడు కైలాసవాసి కాడు. విండోసు యంత్రాలు దస్త్రాలు పంచుకొనే భాష పేరు ఎస్ఎంబీ. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ 1991-92 ప్రాంతంలో ఆ భాషను యునిక్సు యంత్రాలకు నేర్పనారంభించి, తరువాత ఆ మూడక్షరాలూ అదే వరుసలో గల మాటకై నిఘంటువు వెదకి ఈ పేరు పెట్టాడు. కాలక్రమాన ఆ భాషకు కొత్త రూపాలు వచ్చాయి. 2019లో వెలువడిన సాంబ 4.11 నుండి దాని తొలి రూపమైన ఎస్ఎంబీ1ను మూసి ఉంచడమే సహజస్థితి అయింది. ఆ ఒక్క రూపమే తెలిసిన పాత స్కానరు నవీకరణ తరువాత మూగబోతే అది తెగులు కాదు, నిర్ణయం.

ఆ నిర్ణయం ఊరకే పుట్టలేదు. 2017 మే నెలలో వన్నాక్రై అన్న దుష్టక్రమణిక విండోసులోని ఎస్ఎంబీ1 లోపం గుండానే పాకింది. బ్రిటన్ ఆసుపత్రులు స్తంభించాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు సైతం కొన్ని దాని వాతబడ్డాయి. మైక్రోసాఫ్ట్ అందుకు విరుగుడును మార్చిలోనే విడుదల చేసింది. వేసుకోనివారే దెబ్బతిన్నారు. అదే మే నెలలో సాంబలోనూ ఒక లోపం బయటపడింది. 2010 నాటి 3.5 కూర్పు నుండీ అది దాగి ఉన్నది. వ్రాసే హక్కు దొరికిన వాడు తన క్రమణికను ఆ ఫోల్డరులో పెట్టి సర్వరు చేతనే నడిపించగలిగేవాడు. అతిథులందరికీ వ్రాసే హక్కిమ్మనే ఉపదేశం దొంగకు కావలసిన మొదటి సదుపాయాన్ని మనమే సమకూర్చడం కాదా?

మరి చేయవలసినదేమి? చదవడం. సేవ నడుస్తున్నదో లేదో మొదట చూడాలి. టెస్ట్‌పార్మ్ అన్న ఆజ్ఞ అమరికల దస్త్రంలోని దోషాలను ఎత్తిచూపుతుంది. మనం మార్చుకున్న అమరికలను ఉంచాలా, కొత్తవి వేయాలా అని డెబియన్, ఉబుంటులు నవీకరణ వేళ అడుగుతాయి. చదవకుండా మీట నొక్కినవారు ఆ రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టి చూడాలి. రెండు తాళపత్ర ప్రతులు దొరికిన పరిష్కర్త చేసే పనే ఇది. పాఠభేదమున్న చోటనే తరచుగా చిక్కు ఉంటుంది. నెట్‌వర్క్ జాబితాలో సర్వరు పేరు కనబడనంత మాత్రాన అది చచ్చినట్లు కాదు. ఆ పాత జాబితా ఎస్ఎంబీ1 మీద ఆధారపడినది. నేరుగా చిరునామా ఇస్తే తలుపు తెరుచుకోవచ్చు. లినక్సు సంకేతపదం వేరు, సాంబ సంకేతపదం వేరు అన్నదీ మరువరాదు. చివరకు లాగ్ దస్త్రం ఉండనే ఉన్నది.

ఎదుటివారి వాదంలోనూ న్యాయమున్నది. విండోసు చూపే దోషసందేశం తరచుగా కారణాన్ని విప్పి చెప్పదు. మార్పుల ప్రకటనలు ఇంగ్లీషులో, మారుమూల దస్త్రాలలో పడి ఉంటాయి. పాత స్కానరును పారవేసే స్తోమత అందరికీ ఉండదు. తప్పనిసరి అయితే ఎస్ఎంబీ1ను వేరొక యంత్రంలో, మరే దస్త్రాలూ లేని చోట, ఆ స్కానరు ఒక్కదానికే తెరవండి. ఇంటి దస్త్రాలన్నీ ఉన్న సర్వరులో కాదు.

"అందుకే అప్‌డేట్ చేయకూడదు" అనే పెద్దలకు 2017 మే నెలే సమాధానం. ఉపదేశకులకు నా విన్నపం ఒక్కటే. మందు చెప్పేటప్పుడు అది ఏ కూర్పుకు, ఏ కారణానికి, ఏ అపాయంతో అన్న మూడు మాటలూ చేర్చండి. అవి చెప్పలేని నాడు మౌనమే మేలు. అడిగినవాడు తన ఇంటి తాళం మన మాట మీద తీస్తున్నాడు.