పెట్టెలో దాచాం, పాసుపుస్తకంలో చేర్చలేదు

అనకాపల్లి చుట్టుపక్కల గవర రైతుల గురించి ఒక కథ ఉంది. 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్స్టన్ పుస్తకంలోనూ అది కనిపిస్తుంది. వాళ్లు ఏలూరు దగ్గరి వేంగిలో ఉండగా, ఘోషాలో ఉండే వాళ్ల ఆడవాళ్లను చూడాలని రాజు పట్టుబట్టాడట. ఒప్పుకోకపోతే ఇళ్లకు నిప్పు పెట్టించాడట. కొందరు తలుపులు బిగించుకుని లోపలే కాలిపోయారు. మిగిలినవారు ఆడవాళ్లను పెద్ద పెట్టెల్లో దాచి, ఓడలెక్కి పూడిమడకలో దిగారు. కొండకర్ల మీదుగా అనకాపల్లి చేరారు. ఊరు కట్టేటప్పుడు అందరిలా పాల కర్ర కాకుండా, చెద పట్టని సండ్ర కర్ర నాటారని, అందుకే కులం నిలదొక్కుకుందని చెబుతారు.

కుల గొప్పలు చెప్పడం మా పని కాదు. మా సంఘంలో అన్ని కులాల రైతులూ ఉన్నారు. ఈ కథ మేం ఎత్తుకున్నది వేరే సంగతి కోసం. ఆడవాళ్ల గౌరవం కోసం ఊరు వదిలామని చెప్పుకునే ఇళ్లలో, ఆ ఆడవాళ్ల పేరున ఈరోజు ఎంత భూమి ఉంది?

చెరకు ముచ్చెలు నాటడం, కలుపు తీయడం, గానుగ దగ్గర చాకిరీ, కూరగాయలు గంపకెత్తుకుని బజారుకు పోవడం, అన్నిటా ఆడవాళ్ల చెయ్యి ఉంది. పాసుపుస్తకంలో మాత్రం మగవాడి పేరే. పంట రుణమైనా, బీమా అయినా, నష్టపరిహారమైనా కాగితంలో పేరున్నవాళ్లకే. ఇంటాయన పోయిననాడు ఆమెకు అప్పులవాళ్లు మిగులుతారు. రైతు అన్న గుర్తింపు ఉండదు. ఇది ఒక్క గవరల ఇళ్ల సంగతి కాదు, అన్ని రైతు కులాలదీ ఇదే తంతు.

చట్టం లేక కాదు. ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు మన రాష్ట్రంలో 1986లోనే వచ్చింది. 2005లో దేశమంతా వచ్చింది. "కట్నం ఇచ్చాం కదా" అని సంతకం పెట్టించుకునేది మనమే. ఈ తప్పు సర్కారు మీదకు నెట్టలేం.

సర్కారు చేయాల్సిందీ ఉంది. 2019 చట్టం కింద కౌలుదారులకిచ్చే పంట సాగుదారు హక్కు పత్రానికి భూయజమాని సంతకం అడగడం మానాలి. కౌలుకు చేసే ఆడవాళ్ల పేరునే పత్రం ఇవ్వాలి.

ఇక మన వంతు. ఈసారి పంపకాలప్పుడు ఆడపిల్ల వాటా రాయండి. భార్య పేరున కొంతైనా భూమి రాయండి. చెద పట్టని సండ్ర కర్ర అంటే ఇకమీదట అదే.