ఆరవ రోజు కూర్చుకున్న మన్నా



మన ముడిమ్యాలలోనైనా, చేవెళ్లలోనైనా, మొయినాబాదులోనైనా పదో తారీఖు దాటిందంటే చాలా ఇండ్లల్లో వినబడేది ఒకటే మాట: "చేతుల పైసలు ఆడుతలేవు". ప్రార్థన అంశాలు చెప్పమన్నప్పుడు రోగాల తరువాత ఎక్కువగా వచ్చేది అప్పుల సంగతే. జీతం పడిన నాడే బండి కిస్తీ, ఫోను కిస్తీ, గ్రూపు కిస్తీ, కిరాణా కొట్టు ఖాతా. నాలుగు రోజులకు మళ్లీ చేబదులు.

మన సంపాదన తక్కువన్నది నిజమే, కాదనము. అయితే పన్నెండు వేలు వచ్చే ఇంట్లోనూ, నలభై వేలు వచ్చే ఇంట్లోనూ మేము ఇదే మాట వింటున్నాము. కాబట్టి తక్కువ రావడం ఒక్కటే కారణం కాదు. రాబోయే నెల కష్టాన్ని ఈ నెలలోనే తినేస్తున్నాము. అసలు చిక్కు అక్కడుంది.

తెలంగాణలో "జీతం" అన్న మాటకే ఒక చేదు చరిత్ర ఉంది. మన తాతల కాలంలో పెండ్లికో, రోగానికో దొర దగ్గర ముందుగా పైసలు తెచ్చుకొని, ఆ అప్పు తీరేదాకా ఆ ఇంట్లో జీతం ఉండేవారు. అప్పు తీరేది కాదు, కొడుకు కూడా జీతానికి పోయేవాడు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఆ కట్టు తెగింది గాని, పని చేయకముందే కూలి తినే అలవాటు మాత్రం పోలేదు. ఇప్పుడు దొర స్థానంలో ఫైనాన్సు కంపెనీ ఉంది. అప్పు చేసినవాడు అప్పిచ్చినవానికి దాసుడవుతాడని సామెతలు 22వ అధ్యాయం చెప్పే సంగతి మన జనానికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. 2010లో మైక్రోఫైనాన్సు కిస్తీల కింద కుటుంబాలు నలిగిపోతే, ఆ అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వసూళ్లు ఇంటి గుమ్మం ముందు కాదు, గ్రామ పంచాయతీ కార్యాలయం వంటి చోటనే జరగాలని చెప్పింది. గుమ్మం ముందు నిలబడే మనిషిని చట్టం ఆపవచ్చు. ఫోనులోకి వచ్చి కూర్చునే లోన్ యాప్ సంగతి వేరు.

పొదుపు మాట ఎత్తితే కొందరు విశ్వాసులు మన్నాను గుర్తు చేస్తారు. "దేవుడు ఏ రోజుది ఆ రోజే ఇచ్చాడు కదా అయ్యగారూ, దాచుకున్నవారికి పురుగులు పట్టలేదా?" అంటారు. పట్టాయి. అయితే నిర్గమకాండము 16వ అధ్యాయం సగంలో ఆపకుండా చివరిదాకా చదవండి. ఆరవ రోజున మనిషికి రెండు ఓమెర్లు కూర్చుకున్నారు. ఆ రెండవది మరునాటికి కంపు కొట్టలేదు, పురుగు పట్టలేదు. ఎందుకంటే అది ఆశకొద్దీ దాచినది కాదు, విశ్రాంతి దినం కోసం దేవుడే దాచుకోమన్నది. ఏడవ రోజు కూడా గిన్నె పట్టుకొని బయటికి పోయినవారికి ఏమీ దొరకలేదు. చింతపడవద్దని ప్రభువు చెప్పింది లెక్క చూసుకోవద్దని కాదు. నిజానికి లెక్క చూసుకోనివారే ఎక్కువ చింతపడుతున్నారు, రాత్రి నిద్ర లేనిది వారికే.

కాబట్టి మా మనవి ఇది: ప్రతి ఇల్లు ఒక నెల ముందుకు జరగాలి. సెప్టెంబరు జీతంతో అక్టోబరు గడవాలి, అక్టోబరు జీతంతో నవంబరు. మీ ఇంటి ఖర్చు నెలకు 20,000 అనుకుందాం. వారానికి 400 చొప్పున తీసిపెడితే 50 వారాలకు 20,000 అవుతుంది. ఆ 400 పొలం పనికి పోయేవారికి అటూ ఇటుగా ఒక రోజు కూలి. అదే 20,000 నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 600, ఏడాదికి 7,200 వడ్డీయే పోతుంది, అసలు అట్లాగే ఉంటుంది. అంటే ఈ తీసిపెట్టడం చేతకానిదేమీ కాదు, వడ్డీ రూపంలో చాలామంది ఇప్పటికే చేస్తున్నారు, వేరేవారి కోసం.

20,000 నిండిన తరువాత వచ్చే ఒకటో తారీఖున కొత్త జీతం ముట్టవద్దు. దాచినదానితో ఆ నెల గడపండి, కొత్త జీతాన్ని దాని స్థానంలో పెట్టండి. ఇక నుండి ఒకటో తారీఖునే నెల ఖర్చంతా మీ ముందు ఉంటుంది. బియ్యానికి, కరెంటుకు, ఫీజుకు, కిస్తీకి ఇంత అని భార్యాభర్తలు కూర్చుని పంచుకోవచ్చు. జీతం పన్నెండో తారీఖుకు వచ్చినా ఎవరి గడపా తొక్కనక్కరలేదు. (మందుకు ఎంత పోతుందో కూడా ఆ పుస్తకంలో రాయండి. దాని గురించి వేరే వ్యాసం రాయాల్సి ఉంది.)

ఆ పైసలు ఎక్కడ పెట్టాలి? ఇంట్లో వద్దు, ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు అడుగుతారు. పోస్టాఫీసులో 500 రూపాయలతో పొదుపు ఖాతా తెరుస్తారు. దానికి ఫోన్‌పే తగిలించకండి.

మన సంఘాల్లోని ముసలమ్మలకు ఇది కొత్త కాదు. డోర్నకల్ ప్రాంతంలో 1912 నుండి 1945 వరకు అజరయ్య గారు బిషప్‌గా ఉన్న కాలంలో స్త్రీలు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడే పిడికెడు బియ్యం తీసి దేవుని కోసం వేరే కుండలో వేసేవారు. తినగా మిగిలింది కాదు, వండకముందే తీసింది. కటిక పేదవారు వారు. ఆ పిడికిలి దేవునికే గాని, ముందే తీయడం అనే ఆ పద్ధతి మన ఇంటికి కూడా పనికొస్తుంది.

రైతులకు నెల జీతం ఉండదు. టమాట, పూలు, ఆకుకూర వేసేవారికి ఒక వారం చేతి నిండా, నాలుగు వారాలు ఖాళీ. 2023 జూలైలో టమాట కిలో వంద దాటింది, కొన్ని వారాలకే ధర పడిపోయింది. ఆ జూలై పైసలతో ఏం కొన్నామో ఒకసారి గుర్తు తెచ్చుకుందాం. యోసేపు ఏడు సమృద్ధి సంవత్సరాల్లో ఐదవ వంతు తీయించాడు. మంచి ధర పలికిన వారం మనము కూడా ఐదవ వంతు తీయవచ్చు, మిగతా వారాల్లో 400 కాకపోతే 100 తీయవచ్చు.

కొందరికి నచ్చకపోయినా ఒక మాట చెప్పాలి. వడ్డీకి తెచ్చి కానుక వేయవద్దు. అప్పు చేసి కృతజ్ఞత కూడిక పెట్టి, రెండు వందల మందికి మటన్ భోజనం పెట్టవద్దు. విత్తనం వేస్తే నూరంతలు వస్తుందని అప్పు చేయించే ప్రసంగాన్ని మేము సువార్త అనము. దేవుని పేరు మీద ఇంటికి వడ్డీ తెచ్చిపెట్టేది కృతజ్ఞత ఎట్లా అవుతుంది? మీ ఇంట్లో కూడిక పెడితే చాయ్, బిస్కెట్లు చాలు. కాపరికి అంతకన్నా ఎక్కువ అక్కరలేదు.

"కూడబెట్టిన తరువాత దవాఖాన ఖర్చు వస్తే?" అని అడుగుతారు. వాడుకోండి, అది ఉన్నది అందుకే. వాడుకున్న తరువాత వచ్చే ఆదివారం మళ్లీ 400 నుండి మొదలు పెట్టండి.