రక్తంలో తెలుగు లేదు

"తెలుగు మా రక్తంలోనే ఉన్నది!" హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపురం వంటి చోట్ల జరిగే మన సభలలో తరచుగా వినవచ్చే మాట ఇది. చప్పట్లు మిన్ను ముట్టుతాయి. అయినా మన ఉద్యమానికి ఇంతకంటె హాని చేసే మాట మరొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం. రక్తంలో ఉన్నదానిని ఎవరూ నేర్పనక్కరలేదు. నేర్పనక్కరలేనిదానికి బడి ఎందుకు, ఉపాధ్యాయుడెందుకు, ప్రభుత్వ ఉత్తర్వెందుకు?

వంశపారంపర్యంగా సంక్రమించేదేమిటో శాస్త్రం స్పష్టంగానే చెప్పింది. జన్యు పదార్థం డి.ఎన్.ఏ. అని 1944లో ఏవరీ, మెక్లియాడ్, మెకార్టీలు న్యుమోనియా బాక్టీరియాపై ప్రయోగాలతో చూపారు. 1952లో హెర్షే, ఛేజ్‌ల ప్రయోగాలు దానిని బలపరిచాయి. 1953లో వాట్సన్, క్రిక్‌లు దాని నిర్మాణాన్ని వెల్లడించారు. అందుకు రోజలిండ్ ఫ్రాంక్లిన్ ప్రయోగశాలలో తీసిన ఎక్స్‌రే చిత్రం ముఖ్యాధారమైంది. అది మెలిపెట్టిన నిచ్చెన వంటిది. చక్కెర, ఫాస్ఫేటులతో కూడిన రెండు పేటలు దానికి నిలువు కర్రలు. అడినిన్‌తో థైమిన్, గ్వానిన్‌తో సైటోసిన్ జతకట్టడంవలన ఏర్పడినవి మెట్లు. జతలు మారవు గనుక ఒక పేట తెలిస్తే రెండవ పేట తెలిసినట్లే.

కణం విభజన చెందే ముందు ఈ నిచ్చెన నిలువునా విడివడుతుంది. ప్రతి పాత పేట ఎదుట ఒక కొత్త పేట కూర్చబడుతుంది. ఇదే ప్రతికృతి. ఇలా ఏర్పడిన ప్రతి అణువులోను ఒక పేట పాతది, ఒక పేట కొత్తది అని 1958లో మెసెల్సన్, స్టాల్‌లు భార నత్రజనితో నిరూపించారు.

మానవుని జన్యురాశిలో ఇటువంటి జతలు సుమారు 300 కోట్లు. ఏ ప్రోటీనును, ఎప్పుడు, ఎంత తయారుచేయాలో తెలిపే సూచనలు అందులో ఉన్నాయి. తెలుగు వర్ణమాలలోని ఒక్క అక్షరం కూడ లేదు. మాట నేర్చే సామర్థ్యం పుట్టుకతో రావచ్చును, ఏ మాట అన్నది మాత్రం వినికిడితో వచ్చేదే. తెలుగు దంపతుల బిడ్డ తెలుగు వినకుండా పెరిగితే, తెలుగు రాకుండానే పెరుగుతుంది.

రక్తవాదంలో మరొక ప్రమాదమున్నది. ఏ ఇద్దరు మానవుల డి.ఎన్.ఏ.ను పోల్చినా వెయ్యింట దాదాపు 999 జతలు ఒకటే. "మీరూ మేమూ ఒకే రక్తం, మీకు వేరే బడి ఎందుకు?" అని పొరుగువారు అడిగితే మన దగ్గర సమాధానముండదు. మన హక్కు రక్తంమీద ఆధారపడినది కాదు. రాజ్యాంగంలోని 29వ అధికరణం "భాష, లిపి, సంస్కృతి" అని మూడింటిని విడివిడిగా పేర్కొని, వాటిని పరిరక్షించుకునే హక్కు ఇచ్చింది. 1956లో చేర్చిన 350ఎ అధికరణం, ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సదుపాయాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా కృషి చేయాలన్నది. తరగతికి పదిమంది గాని, బడికి నలభైమంది గాని ఉంటే ఆ భాషకు ఉపాధ్యాయుని నియమించాలని విద్యామంత్రుల సమావేశం 1949లోనే తీర్మానించింది. ఆ పదిమందిని లెక్కించేది రక్తపరీక్షతో కాదు, బడి రిజిస్టరుతో. అక్కడ మాతృభాష గడిలో సౌకర్యంకోసం మరొక భాష పేరు వ్రాయించే తండ్రి, తన బిడ్డతోపాటు మిగిలిన తొమ్మిదిమంది బిడ్డల హక్కును కూడ కొట్టివేస్తున్నాడు.

అయినను డి.ఎన్.ఏ.నుండి మనం నేర్వవలసిన పాఠం ఒకటున్నది. ఒక పేట దెబ్బతింటే, ఎదుటి పేటను చూసి కణం దానిని సరిచేసుకుంటుంది. రెండు పేటలూ ఒకే చోట తెగితే ఆ పని మిక్కిలి కష్టం. మన సరిహద్దు కుటుంబాలలో పలుకు ఒక పేట, లిపి ఒక పేట. అనేక ఇండ్లలో లిపి ఇప్పటికే తెగిపోయింది, పలుకు మిగిలియున్నది. పలుకు మిగిలియున్న ఈ తరంలోనే లిపిని తిరిగి కూర్చుకోవాలి. తరువాతి తరానికి చూసి వ్రాసుకునేందుకు ఏ పేటా మిగలకపోవచ్చును.

కనుక బడిలో చేర్చేటప్పుడు, జనగణనలో మాతృభాష అడిగినప్పుడు "తెలుగు" అనే వ్రాయించండి. తరగతిలో పదిమంది ఉంటే తల్లిదండ్రులందరు సంతకాలు చేసి, ఉపాధ్యాయుని నియమించవలసిందిగా ప్రధానోపాధ్యాయునికి అర్జీ ఇవ్వండి. అందినట్లు రసీదు తీసుకొనండి. రసీదు లేకపోతే అర్జీ ఇచ్చినట్లు రుజువు చేయడం కష్టం కావచ్చును. ఉపాధ్యాయుడు వచ్చేదాక ఇంటిలో రోజుకు ఒక్క పుట చదివించండి. కణం తన పని ఎవరూ చెప్పకుండానే చేసుకుపోతుంది. భాష విషయంలో ఆ పని మనదే.