పాలకు తోడెందుకు?

పెద్దవారికి బదులు చెప్పుట సులభము. అర్థము కాకున్నను వారు మర్యాదకై తల యూపుదురు. రెండున్నర యేండ్ల బిడ్డకు ఆ మర్యాద లేదు. మనమన్న మాటను అక్షరాల నమ్మి, అందులో నేమున్నదో చూపుమని పట్టుబట్టును.

రాత్రి గోరువెచ్చని పాలలో తల్లి చెంచాడు మజ్జిగ కలుపుచు "పాలకు తోడు పెడుతున్నాను" అనును. "పాలకి భయమా అమ్మా?" అని బిడ్డ ప్రశ్న. తోడనగా వానికి తెలిసినది ఒకటే: చీకటిలో పెరటిలోనికి పోవునపుడు వెంట వచ్చు మనిషి. నవ్వి యూరకుండుట కంటె బదులు చెప్పుట మేలు. మజ్జిగలో కంటికి కానరాని సూక్ష్మజీవులు కలవు. అవి పాలలోని చక్కెరను ఆమ్లముగా మార్చుటచే పాలు తోడుకొనును. బిడ్డకు "మజ్జిగలో చిన్న చిన్న పనివాళ్లున్నారు, రాత్రంతా పెరుగు చేస్తారు" అనిన చాలును. తెల్లవారి వాడు "పనివాళ్లేరీ?" అని పెరుగంతయు వ్రేలితో కెలికినచో కోపగింపరాదు.

అమంగళము పలుకరాదని మన యిండ్లలో బియ్యము లేవనక "నిండుకొన్నవి" అందుము. దీపము ఆరినదనక "కొండెక్కినది" అందుము. బిడ్డ బియ్యపు డబ్బాలో తొంగిచూచి "ఏమీ లేవుగా!" అని తల్లిని అనుమానముగా చూచును. దీపము మాట విని "ఏ కొండ?" అని కిటికీ యొద్దకు పరుగెత్తును. తిరుమలకు వెళ్లివచ్చిన బిడ్డయైనచో "బస్సులో వెళ్లిందా?" అని కూడ అడుగును.

ఇక "రేపు" అను మాట సంగతి. రేపు తిరునాళ్లకు పోదమన్న, ప్రొద్దుననే లేచి "రేపు వచ్చిందా?" అనును. ఇది నేడన్నచో "మరి రేపేదీ?" అని యేడ్చును. దినములు లెక్కింప నేరని వానికి "పడుకొని లేచి, పాలు త్రాగి, స్నానము చేసిన తరువాత" అని పనుల వరుస చెప్పినచో తేలికగా తెలియును. "మన", "మా" అను మాటల భేదము కూడ అప్పుడే పట్టుపడదు. పొరుగింటి పిన్నిగారు వచ్చినపుడు "మన నాన్న ఆఫీసుకి వెళ్లాడు" అని వాడు గంభీరముగా చెప్పగా ఆమె ముసిముసి నవ్వులు నవ్వును.

ఇవి తెలివితక్కువ ప్రశ్నలు కావు. చిన్నబిడ్డలు చంద్రుడు తమ వెంట నడచుచున్నాడని నమ్ముదురనియు, ప్రాణము లేని వస్తువులకును తలంపులు కలవని భావింతురనియు స్విట్జర్లండు దేశపు పండితుడు జీన్ పియాజే (1896–1980) తన 1926 నాటి గ్రంథమున వివరించెను. అట్టి బిడ్డకు పాలు భయపడుట వింత కాదు.

ఇంతవరకు నవ్వుకొనదగినదే. కాని యింట నొకరు మరణించినపుడు ఈ అక్షరార్థమే బిడ్డను బాధించును. "తాతగారు నిద్రపోయినారు" అనిన, ఆ రాత్రి వాడు కన్ను మూయుటకు వెరచును. "ఊరికి వెళ్లినారు" అనిన, వీధి గుమ్మము కడ కాచియుండును. తండ్రి నిజముగా ఊరికి బయలుదేరినపుడు కాళ్లు చుట్టుకొని విడువడు. కావున మెల్లగా "తాతగారు చనిపోయినారు. ఆయన ఒళ్లు ఇక పనిచేయదు, ఆయనకు నొప్పి లేదు. తిరిగి రారు. మనకందరికీ దుఃఖముగా ఉన్నది. నేను నీ దగ్గరనే ఉన్నాను" అని చెప్పవలెను. చావనగా మరల రాకపోవుటయని ఆ వయసున మనసుకు పట్టదు గనుక, మరునాడు "తాత ఎప్పుడొస్తాడు?" అని మరల అడుగును. విసుగుకొనక ఆ మాటలే మరల చెప్పవలెను.

సూదిమందు విషయమును ఇట్టిదే. 16 నుండి 24 నెలల లోపల వేయించు టీకాలకు తీసికొనిపోవునపుడు "నొప్పి ఉండదు" అనిన, సూది గ్రుచ్చిన మరుక్షణమున మన మాట అబద్ధమగును. "కొంచెము నొప్పి పెట్టును, త్వరలో తగ్గును, నా ఒళ్లో కూర్చుందువు" అనిన, ఏడ్చినను మనలను నమ్మును. అల్లరి మాన్పుటకై డాక్టరుగారి సూదితో బెదరించుట అసలే కూడదు.

తెలియని దానిని "నాకును తెలియదు, కలిసి చూతము" అనుటలో చిన్నతనము లేదు. దినమునకు నూరు ప్రశ్నలు వచ్చినపుడు అన్నింటికిని బదులు చెప్పుట యే తల్లికిని సాధ్యము కాదు. చెప్పిన కొన్నింటిని మాత్రము నిజముగా చెప్పుదము.